అంచు లేదనుకుంటే అంతా సుఖమే

అంచులను పట్టించుకోకపోవడమే సైన్సుకు శ్రీరామరక్ష! మదనపల్లెలోని ఒక కాలేజీలో, ప్రిన్సిపాల్ గదిలో ట్రంక్ కాల్ రిసీవర్ పట్టుకుని ప్రొఫెసర్ నారాయణస్వామి చెమటలు కక్కుతున్న ఈ క్షణంలో కూడా, పాఠకులారా, నేను ఆ మాట వెనక్కి తీసుకోను.

అవతల ఎక్కడో నగరంలో ఉన్న ప్రయోగశాల అరుస్తోంది. "లోపల వేడెక్కలేదు సార్! గోడ కరుగుతోంది!"

పక్కనే నల్లప్ప నిలబడి ఉన్నాడు. అతను కుప్పంలో ఫిజిక్స్ లెక్చరర్, ఈ ప్రొఫెసర్ దగ్గరే రిసెర్చ్. థీసిస్ టేబుల్ మీద ఉంది. ప్రొఫెసర్ సంతకం పడితే డాక్టరేట్ వచ్చినట్టే. పెన్ను మూత తీశారో లేదో, ఫోన్ మోగింది.

సంగతి ఇదీ. సూర్యుడిలో మండే మంటను ఇనుప గదిలో మండించాలని ఆ ప్రయోగశాల తాపత్రయం. గదిలో ప్లాస్మా అనే మహా వేడి గ్యాస్. దాన్ని ఇంకా వేడెక్కించడానికి గోడకున్న యాంటెన్నా రేడియో తరంగాలు పంపుతుంది. అవి నడిమధ్యకు చేరాలి. దారిలో గోడను ఆనుకుని పలచని గ్యాస్ అంచు ఒకటుంది. తరంగాలు ఎలా పోతాయో ముందే లెక్కగట్టి చెప్పే మోడల్ మన ప్రొఫెసర్‌ది. అందులో అంచు సున్నా!

ఎంత హాయి! అంచును కలిపితే కంప్యూటర్‌కు వారం పడుతుంది. సున్నా అనుకుంటే భోజనాల వేళకు జవాబు వచ్చేస్తుంది. పాఠ్యపుస్తకాలన్నీ 'అంచు ప్రభావాలను విస్మరించుము' అనే కదా చెబుతాయి! నల్లప్ప మాత్రం మొండిగా అంచు మీద ఒక అధ్యాయం రాశాడు. ప్రొఫెసర్ అడ్డంగా కొట్టేశారు. "కుప్పం వాడివి గనక నీకు అంచు పిచ్చి," అని నవ్వారు కూడా.

అసలు ఈ సుఖం ఫిజిక్సుకేనా? ఆ గదిలోనే గోడకున్న రాష్ట్ర పటం చూడండి. ఫ్రేము కట్టినవాడు అడుగున, రాష్ట్రం అంచున ఉన్న కుప్పాన్ని చెక్క కింద దాచేశాడు. పటం ఎంత నీటుగా కుదిరిందో! కుప్పం బోర్డు తగిలించుకుని బయల్దేరిన బస్సు పుంగనూరులోనే అందరినీ దించేస్తుంది. డీజిల్ ఆదా, డ్రైవర్‌కు విశ్రాంతి! కరెంటు కుప్పం చేరేసరికి బల్బులో ఎర్రటి తీగ ఒక్కటే మిగులుతుంది. కళ్లకెంత చలవ! రాజధాని లెక్కలో మాత్రం రాష్ట్రమంతా వెలుగే. అంచును కలిపి అంత చక్కని లెక్క పాడుచేసుకుంటామా?

"ఆ ఇనుప గదిలో అంత కరెంటు పోస్తిరి కదప్పా, ఆ వేడి యాడికి పాయ?" అన్నాడు ప్రిన్సిపాల్ చెంగల్రాయుడు.

నారాయణస్వామి మొదట తప్పు యాంటెన్నాది అన్నారు. తర్వాత గోడ అతికిన వెల్డర్‌ది అన్నారు. ఆఖరికి వేలు నల్లప్ప వైపు తిరిగింది. "కంప్యూటర్‌కు అంకెలు ఎక్కించింది ఇతనే!"

ఆ వెంటనే నల్లప్ప చెవిలో గొణిగారు. "ఒప్పేసుకో. చిన్న పొరపాటు అంటాను. సంతకం ఇప్పుడే పెడతాను."

"ఏమప్పా నల్లప్పా, నువ్వేనా?" అన్నాడు ప్రిన్సిపాల్.

తల ఊపితే చాలు. నల్లప్ప థీసిస్ వైపు చూశాడు. పటం వైపు చూశాడు. తన ఊరు ఉండాల్సిన చోట చెక్క.

"మద్దెకు పోవాల్సిన వేడిని అంచే తినింది సార్. తిని, గోడను గీకింది. ఆ లోహం లోపల పడి మద్దెంతా చల్లగా అయిపోయింది."

"అట్లయితే దొంగ అంచేనా?"

"అది మొదట్నుంచీ ఆడనే ఉండాది సార్. లేదని కొట్టేసినోళ్లే దొంగలు."

ప్రొఫెసర్ పెన్నుకు మూత బిగించారు.

"ఎవురప్పా? ఫోన్లో వాళ్లు అడగతాండారు, చెప్పు!" ప్రిన్సిపాల్ రిసీవర్ లాక్కుని నల్లప్ప నోటి ముందు పెట్టాడు.

ట్రంక్ కాల్‌లో అవతలికి వినిపించాలంటే అరవక తప్పదు. నల్లప్ప ఊపిరి నిండా పీల్చి, కాలేజీ గేటు దాకా మోగేలా అరిచాడు.

"ప్రొఫెసర్ నారాయణస్వామి!"