చిన్నదాని మీద జాలి

ఆ పూట అల్లుడి పథకం చాలా సులువైనది. కంప్యూటర్లు తయారుచేసే తన కంపెనీకి రెండు కూలర్లలో ఏది మేలో మధ్యాహ్నానికల్లా తేల్చి చెప్పాలి. ఒకటి రెండు ఫ్యాన్లున్న బండది, ఇంకొకటి అరచేతిలో ఇమిడే బుల్లిది. ప్రాసెసర్‌ను ఏది చల్లగా ఉంచితే దానికే ఆర్డరు. ఈసారి లెక్క తప్పితే టెస్టింగ్ నుంచి తీసి గోడౌన్‌లో పడేస్తానని మేనేజరు ముందే చెప్పాడు. ఆఫీసులో ఏసీ గోల ఉంటుందని సరంజామా అంతా ఇంటికే మోసుకొచ్చి, వెనక గది కిటికీలు బిగించి, ఎవరూ అటు తొంగిచూడొద్దని ఇంటిల్లిపాదికీ ఆంక్ష పెట్టాడు.

బండది ఓ మోస్తరుగా నెగ్గుకొచ్చింది. తర్వాత బుల్లిదాన్ని బిగించి, ప్రాసెసర్‌కు ఊపిరి సలపనంత పని అప్పజెప్పి స్నానానికి వెళ్ళాడు. తిరిగొచ్చి తెర చూసి నోరెళ్ళబెట్టాడు. ప్రాసెసర్ గది కన్నా చల్లగా ఉంది! ఉత్త గాలి విసిరే యంత్రం అంత చల్లబరచడం ఎక్కడైనా ఉందా? బల్ల మీద నీటి చుక్కలు కనిపిస్తే తన తడి తలవే అనుకుని తుడిచేశాడు. మళ్ళీ మొదలుపెట్టి, టిఫిన్ తిని వచ్చి చూశాడు. మళ్ళీ అంతే. వెంటనే మేనేజరుకు ఫోన్ చేశాడు. ఆయన ఆ అంకెను రెండుసార్లు చెప్పించుకున్నాడు. ఆపైన బుల్లివాటికే ఆర్డరు పెట్టేస్తున్నానన్నాడు.

ఆ అద్భుతాన్ని కళ్ళారా చూద్దామని ఈసారి అల్లుడు గదిలోనే కుర్చీ వేసుకున్నాడు. అంకె పైకి లేచింది. లేస్తూనే ఉంది. చూస్తుండగానే మెషీను వేడికి తాళలేక గుటుక్కుమంది. అల్లుడి పై ప్రాణాలు పైనే పోయాయి.

అప్పుడే తలుపు మెల్లగా తెరుచుకుంది. మోకాళ్ళకు కాపడం పెట్టుకునే రబ్బరు సంచీ నిండా ఐసు ముక్కలతో అత్తగారు లోపలికొచ్చింది.

"దీనికి మళ్ళీ ఒళ్ళు కాలుతోందా బాబూ? ఇందాక రెండుసార్లూ ఇదే ఆనించి పెట్టాను, ఇట్టే దిగింది."

అల్లుడు పక్కనున్న బండ కూలర్ వైపు వేలు చూపించాడు. "మరి పెద్దదానికెందుకు పెట్టలేదండీ?"

"దానికి రెండు ఫ్యాన్లున్నాయిగా. కలిగినవాళ్ళకి మనం పెట్టేదేంటి?"

అల్లుడు ఫోన్ తీసి, జరిగిందంతా మేనేజరుకు పూసగుచ్చినట్టు చెప్పుకున్నాడు. ఆయన నమ్మితేగా.

"అత్తగారు, ఐసు సంచీనా? పక్క కంపెనీవాళ్ళు ఎక్కువ జీతమిస్తామని పిలిచారని నేరుగా చెప్పొచ్చు కదయ్యా. నిన్ను వదులుకుంటానా? ఇవాళ్టినుంచి టెస్టింగ్‌కి హెడ్డువి నువ్వే. రేపు పొద్దున ఆఫీసులో అందరి ముందూ చేసి చూపించు."

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. గోడౌనే నయమనిపించింది. సంగతి విన్న అత్తగారు కూతుర్ని పక్కకు పిలిచి, ఆఫీసులో ఇలాంటివి ఎన్ని ఉంటాయని అడిగింది. హాలు నిండా ఉంటాయంది కూతురు.

"అయితే ఐసు ఇప్పట్నుంచే పెట్టాలి" అంటూ అత్తగారు ఫ్రిజ్ వైపు నడిచింది.