ముత్తవ్వ ఎర్రచీర చుక్క

అన్నలకు భయపడని మనిషి ఈ చుట్టుపక్కల తానొక్కడేనని లింగారావు పటేలు రోజూ పొద్దున వేపపుల్ల నములుతూ అరుగు మీది నుంచి ప్రకటించేవాడు. అన్నలంటే అడవిలో తుపాకులతో తిరిగే నక్సలైట్లు. ఆ రోజుల్లో వెల్గటూరు దిక్కు ఊళ్ళలో ఆ మాట పైకి అనడమే పెద్ద ధైర్యం. క్రిస్మస్ నాడు పొద్దున కూడా పటేలు అన్నాడు. పుల్ల నమలడం పూర్తయ్యేలోపే ధైర్యం పూర్తయింది.

ఆ పొద్దున్నే ఊరి చివరి వాడలో రాధమ్మ పెద్ద పెద్ద గంజులు పొయ్యిల మీదికి ఎక్కించింది. ఏళ్ళ తరబడి ఎండిన వాళ్ళ బావిలో ఈసారి ఊట పడింది, వరి పండింది. నీళ్ళొస్తే క్రిస్మస్ నాడు ఊరంతటికీ అన్నం పెడతానని ఆమె ప్రభువుకు మొక్కుకుంది. ఊరంతా అంటే పటేలు కూడా. చిక్కంతా అక్కడే. ఆ వాడలో ఊరివాళ్ళు మంచినీళ్ళు కూడా ముట్టరు.

"మ్యాకను కోసినవ్, బియ్యం పోసినవ్. తినెటోళ్ళేరే?" అంది అత్త ముత్తవ్వ.

"రాకపోతరా అత్తమ్మా."

"అచ్చిన్నాడు నేను గీ గంజుల తానం జేస్త."

జగిత్యాల నుంచి మొదటిసారి వస్తున్న పాస్టరుకు ఇల్లు రోడ్డు మీదికే కనబడాలని రాధమ్మ మొగుడు జలపతి వెదురు బద్దలతో ఐదు కోణాల క్రిస్మస్ చుక్క కట్టాడు. అంటించిన తెల్ల కాగితం మంచుకు నాని ముద్దయింది. చేతికి దొరికిన బట్ట చుట్టి, తాడిచెట్టంత గడకు కట్టి లేపాడు. ఆ బట్ట ముత్తవ్వ సిరిసిల్లలో ముచ్చటపడి కొనుక్కున్న ఎర్రచీర కొంగని, చుక్క పైకి లేచాక తెలిసింది. ముత్తవ్వ అన్న మాటలు పండుగ పూట రాయదగ్గవి కావు.

క్రిస్మస్ పాటలు నేర్చుకుని నేర్చుకుని జలపతి గొంతు పోయి, గుసగుస మాత్రం మిగిలింది. ఆ గుసగుసతోనే ఊరిని పిలవడానికి బయలుదేరాడు. పటేలు కూర్చున్న అరుగు పక్కకు పోయి, అతని చెవి దగ్గరికి వంగాడు.

"పటేలా, పగటీలి మా ఇంటికాడ కూడిక ఉన్నది. జగిత్యాలకెళ్ళి పెద్దమనిషి అస్తుండు. ఊరందరు రావాలె."

"అచ్చి ఏం జెయ్యాలె?"

"ఒక్కొక్కలు లేచి చెప్పాలె."

"గుసగుసలేందిర? గట్టిగ మాట్లాడు."

"గట్టిగ రాదు పటేలా" అని జలపతి చేతిని గొంతు మీద అడ్డంగా పెట్టి చూపించాడు. నొప్పి ఉందని అతని భావం. పటేలుకు ఆ చెయ్యి కత్తిలా కనబడింది.

జలపతి పక్కింటికి పోగానే గీతకార్మికుడు మల్లయ్య పరుగెత్తుకొచ్చాడు. అతను తాడిచెట్టు ఎక్కడం చాలామంది చూశారు. దిగడం ఎవరికీ కనబడలేదు, అంత వేగంగా దిగాడు.

"పటేలా, వాడ మీద ఎర్రచుక్క లేసింది. అన్నలు అచ్చిండ్రు."

"గా జలపతిగాని కూడిక గిదేనా?"

"ప్రజాకోర్టు. ఒక్కొక్కలు లేచి అన్నల ముందట తప్పులు ఒప్పుకోవాలెనట."

"నేను పోకుంటేందిర?"

"వాళ్ళే నీ ఇంటికస్తరు."

వేపపుల్ల కింద పడింది.

మధ్యాహ్నానికి వాడలో కాలు పెట్టే చోటు లేదు. ముసలివాళ్ళు, బాలింతలు, పటేలుతో మాట్లాడని అతని తమ్ముళ్ళు, అందరూ వచ్చి కూర్చున్నారు. వాగు దాకా వచ్చిన ఒక పోలీసు జీపు చుక్కను చూసి, డీజిలు సంగతి గుర్తొచ్చి వెనక్కి తిరిగింది. రాధమ్మ కళ్ళు తుడుచుకుంది. ముత్తవ్వ గంజుల వైపు చూడకుండా తిరిగింది.

బస్సు దిగి పాస్టరు వచ్చాడు. బక్కపలచని మనిషి, మాసిన గడ్డం, భుజానికి బరువైన గుడ్డసంచి. సంచిలో చెయ్యి పెట్టగానే ఊరంతా తలలు వంచింది. ఇంత భక్తిగల ఊరిని పాస్టరు ఎక్కడా చూడలేదు. బయటికొచ్చింది బైబిలని తలలు వంచినవాళ్ళకు కనబడలేదు.

క్రిస్మస్ కూడికలో ఒక్కొక్కరు లేచి, ఆ ఏడు తమకు జరిగిన మేలు చెప్పుకోవడం ఆనవాయితీ. "దాచుకోకుండ చెప్పుండ్రి. ముందుగాల ఎవలు లేస్తరు?" అన్నాడు పాస్టరు మెత్తగా.

పటేలు చేతులు జోడించి లేచాడు. "అన్నా, తప్పయింది."

"చెప్పు తమ్మీ."

"జలపతి గట్టును ఏటేట నాగలితోని వాని దిక్కు జరుపుకుంట పోయిన. ఇప్పుడది వాని బాయిల పడేటట్టున్నది. రేపే పాత హద్దుకు రాళ్ళు పాతిపిస్త."

పాస్టరుకు కళ్ళనీళ్ళు వచ్చాయి. మల్లయ్య లేచాడు.

"నేను కల్లుల వాగు నీళ్ళు కలుపుతున్న."

"మాకెరికే" అంది ఊరంతా, తల ఎత్తకుండానే.

తర్వాత విస్తళ్ళు పడ్డాయి. పటేలు మొదట భయంతో తిన్నాడు. కాసేపటికి ఎందుకు తింటున్నాడో మరిచిపోయి తిన్నాడు. కూర తెచ్చిన జలపతిని దగ్గరికి పిలిచి అడిగాడు.

"గీ అన్న ఏ దళం?"

"దళమేంది పటేలా? జగిత్యాల పాస్టరు."

"మరి గా ఎర్రచుక్క?"

"మా అవ్వ చీర."

ముద్ద నోటి దగ్గరే ఆగింది. పక్క విస్తరికి, దాని పక్క విస్తరికి ఆ మాట పాకింది. ఊరంతా పటేలునే చూస్తోంది. అతను లేస్తే అందరూ లేస్తారు. గరిటె పట్టుకున్న రాధమ్మ కదలలేదు.

పటేలు విస్తరిని చూశాడు. పాస్టరును చూశాడు. ముద్ద నోట్లో పెట్టుకుని నిదానంగా నమిలాడు.

"ఇంకింత కూర ఎయ్యి బిడ్డ" అన్నాడు.

రాధమ్మ వేసింది. వేస్తూనే అడిగింది, "మరి గట్టు, పటేలా?"

"అందరి ముందట చెప్పినంక ఇంకేముంటది? బొక్కలున్న ముక్క ఎయ్యి."

అందరూ తిన్నాక పాస్టరుకు గుర్తొచ్చింది, రాధమ్మ తన మేలు చెప్పలేదని. అడిగాడు.

"చెప్పెటిదేం లేదు అయ్యగారు. గంజుల అడుగు కనవడ్డది."

ఆ రోజు పటేలు పక్క విస్తరి నాది; పటేలు ఐదుసార్లు కూర వేయించుకున్నాడని ఊరంతా తిరిగి చెప్పింది నేనే. రెండుసార్లేనని, వడ్డించింది తనేనని రాధమ్మ నన్ను నలుగురిలో నిలదీసింది. నిజమే, మిగతా మూడుసార్లు నావి.