ఏడవ భాగంలో గుర్రం గడ్డి తినుట

"ఉత్తర బురుజు" చారిత్రక నవల ఏడవ భాగంలో యుద్ధం లేదన్న విషయాన్ని మా పాఠక సంఘం తీవ్రంగా పరిగణించింది. రెండు వందల ఎనభై పేజీలలో ఒక్క కత్తి కూడా ఒర దాటలేదు. సేనాపతి రెండుసార్లు కనిపించాడు, రెండుసార్లూ కూర్చునే ఉన్నాడు. ఆయన నల్లగుర్రం ఒకే ఒక్క చోట వచ్చింది, అక్కడ అది గడ్డి తింటోంది. ఆరు భాగాలుగా ఆ ఇద్దరినీ కంటికి రెప్పలా చూసుకున్న పాఠకులకు ఏ రచయితా ఇంత ద్రోహం చేయకూడదని సంఘం ఏకగ్రీవంగా అభిప్రాయపడింది. ఏకగ్రీవం అంటే ఒకరు తప్ప అందరూ అని మా నియమావళిలో ఉంది.

సంఘం కార్యదర్శిని నేనే. కనుక మా పద్ధతి గురించి రెండు మాటలు చెప్పడం నా విధి.

మా గ్రంథాలయం తపాలా ఆఫీసు పైన ఉంది. ఉన్నది ఒకే హాలు, అందులో ఇరవై ఎనిమిది కుర్చీలు. మూడు కుర్చీలు గోడకు ఆనిస్తేనే నిలబడతాయి. "ఉత్తర బురుజు" మొదటి భాగం వచ్చినప్పుడు మాకు దక్కింది ఒకే ప్రతి. దాన్ని ముందు ఎవరు ఇంటికి తీసుకెళ్ళాలన్న సాహిత్య చర్చలో ఒక కళ్ళజోడు, నాలుగో కుర్చీ కాలు, రెండు కుటుంబాల పాత స్నేహం విరిగాయి. అప్పుడు లైబ్రేరియనమ్మ ఒక ఉత్తర్వు జారీ చేసింది. ఈ నవల ఎవరికీ ఇవ్వబడదు. ప్రతి ఆదివారం మధ్యాహ్నం మూడు నుంచి ఐదు దాకా ఒకరు చదువుతారు, మిగిలినవారు నోరు మూసుకుని వింటారు. ఆ చదివే భారం కంఠంగారి మీద పడింది.

కంఠంగారి అసలు పేరు ఆయన పింఛను కాగితాల్లో ఉంటుంది. రైల్వే స్టేషన్లో ముప్పై ఒక్క ఏళ్ళు బళ్ళ రాకపోకలు ప్రకటించిన మనిషి. బండి నాలుగు గంటలు ఆలస్యమని ఆయన చెబితే, ఆ గొంతు ఇంకో నాలుగు గంటలు వినొచ్చు కదా అని ప్రయాణికులు బెంచీల మీద సర్దుకుని కూర్చునేవారట. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆయన నోటి పుణ్యమా అని మాకు పదకొండేళ్ళలో ఆరు భాగాలూ ప్రాణమైపోయాయి. ఆరవ భాగంలో సేనాపతి వంతెన మీద ఒంటిచేత్తో శత్రువుల్ని ఆపిన ఆదివారం మందుల దుకాణం ఆయన దుకాణం తెరవడమే మరిచిపోయాడు. దర్జీ అక్క కుట్టుకుంటున్న జాకెట్టుకు మూడో చెయ్యి కుట్టేసింది.

ఏడవ భాగం వచ్చేసరికి కంఠంగారి గొంతుకు ఆపరేషనయింది. ఆరు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదని డాక్టరు చెప్పాడు. ఆయన మెడలో ఒక పలక వేలాడదీసుకుని సభకు వచ్చి, "నా గొంతు వచ్చేదాకా ఆగుదాం" అని రాసి అందరికీ చూపించాడు. మేం ఆగలేదు. ఆయన చెరిపి మళ్ళీ అదే రాసి, కింద రెండు గీతలు గీశాడు. పెద్దాయనకు అసూయ అనుకున్నాం. చదివే బాధ్యత ఆయన కోడలికి అప్పగించాం, గొంతు కాకపోయినా ఇల్లు అదే కదా అని.

కోడలు అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దుతుంది. ఉన్నది ఉన్నట్టు చదవడమే ఆమె వృత్తి. లేనిది చదివితే ఉద్యోగం పోతుంది. మొదటి ఆదివారం బయల్దేరే ముందు మామగారు ఆమెకు పలక మీద "గుర్రాన్ని మరిచిపోకు" అని రాసిచ్చాడట. ఆమె పుస్తకమంతా తిరగేసి, "గుర్రం నూట అరవై మూడో పేజీలో ఒక్కసారే ఉంది మామగారూ, అది వచ్చినప్పుడు చదువుతాను" అని చెప్పింది. కంఠంగారు కళ్ళు మూసుకున్నాడు.

ఏడవ భాగం కథ ఇది. కోటను శత్రువులు చుట్టుముట్టారు. కోట కిందుగా లోపలికి నీళ్ళు తెచ్చే కాలవ పూడిపోయింది. ఒక ముసలి తాపీ మేస్త్రమ్మ, ఆమె అల్లుడూ కలిసి ఆ కాలవను చీకట్లో తడుముకుంటూ బాగుచేస్తారు. నలభై పేజీల పాటు బాగుచేస్తూనే ఉంటారు. ఆఖరికి నీళ్ళొస్తాయి. అయిపోయింది.

సభ్యుల అభిప్రాయాలను మినిట్స్ పుస్తకంలో నమోదు చేశాను. "నలభై పేజీలు కాలవ తవ్వితే సైన్యం ఏం చేస్తున్నట్టు, చూస్తూ కూర్చుందా?" అని రిటైరైన డ్రిల్లు మాస్టారు నిలదీశారు. మందుల దుకాణం ఆయన ఈ భాగాన్ని నిద్రమాత్రల బదులు వాడవచ్చనీ, దీనికి డాక్టరు చీటీ కూడా అక్కర్లేదనీ సెలవిచ్చారు. నాలుగో భాగంలో ఒకే అధ్యాయంలో మూడు పట్టుబట్టలు మార్చిన రాణి ఇందులో మొదటి నుంచి చివరిదాకా ఒకే చీరతో గడపడం దర్జీ అక్కకు కడుపుకోత అయింది. మేడ మీది అక్కచెల్లెళ్ళలో అక్క, రచయిత్రికి వయసైపోయిందంది. చెల్లెలు, అసలిది ఆవిడ రాయలేదంది. ఇద్దరూ ఆ రోజు నుంచి మాట్లాడుకోవడం లేదు, అంతకుముందు కూడా మాట్లాడుకునేవారు కాదు.

తప్పిపోయిన ఆ ఒక్క ఓటు ప్లంబరుది. "కోటలో నీళ్ళు ఆగిపోయినప్పటి నుంచీ నాకు నిద్ర లేదండీ. ఆవిడ కాలవ వాలు రాసింది చూశారా? నూరడుగులకు ఒక అంగుళం. అంతకన్నా ఎక్కువైతే ఒండ్రు కొట్టుకొచ్చేస్తుంది, తక్కువైతే నిలిచిపోద్ది. ఇంత తెలిసిన మనిషిని నేను చూడలేదు," అన్నాడు. "ఒక సభ్యుడు వృత్తిపరమైన కారణాల వల్ల ఆనందించెను" అని రాసుకున్నాను.

ఆ తర్వాత మేం రచయిత్రికి పందొమ్మిది ఉత్తరాలు రాశాం. మొదటిది నాదే. "అమ్మా, ఆరవ భాగంలో వంతెన ఘట్టం రాసిన చెయ్యేనా ఈ కాలవ తవ్వింది?" అని అడిగాను. ఆ వాక్యం నాకు ఇప్పటికీ నచ్చుతుంది.

రచయిత్రి పాత కోటల నక్షాలు భద్రపరిచే కచేరీలో పనిచేసి రిటైరైన మనిషి. మా ఉత్తరాలు అందినప్పుడు ఆవిడ ఎనిమిదవదీ ఆఖరుదీ అయిన భాగం పూర్తిచేసి, రాతప్రతిని ఇనుప పెట్టెలో పెట్టి ఉంచింది. అప్పటికే ప్రచురణకర్త కబురు పంపాడు. ఏడవ భాగం మీద పాఠకులు ఇలాగే మండిపడితే ఎనిమిదవది అచ్చు వేయలేనన్నాడు. ఇరవై ఏళ్ళ పని ఇనుప పెట్టెలోనే ఉండిపోయేలా ఉంది. అయినా ఆవిడను ఎక్కువగా బాధపెట్టింది అది కాదు, నా ఉత్తరంలోని వంతెన. ఆవిడ కోట చుట్టూ నది లేదు. వంతెన ఎక్కడిది?

మేం పిలవగానే ఆవిడ సమీక్షా సభకు రావడానికి కారణం ఇదే. మేమేమో భయపడి వచ్చిందనుకున్నాం.

సభలో అధ్యక్షులవారు గంటసేపు మాట్లాడారు. పింఛన్ల ఆఫీసులో పెద్ద హోదాలో పనిచేసిన వారు కనుక, ఎదుటి మనిషిని నిలబెట్టి మాట్లాడటం ఆయనకు అలవాటు. "రచయిత అనేవాడు పాఠకుల ఆస్తికి కాపలాదారు మాత్రమే. ఆ సేనాపతి మీవాడు కాడమ్మా, మావాడు. మా గుర్రానికి మీరు గడ్డి పెట్టారు, సంతోషం. కానీ దాన్ని పరిగెత్తించే బాధ్యత మాత్రం ఎందుకు విస్మరించారని ఈ సభ మిమ్మల్ని సవినయంగా ప్రశ్నిస్తోంది," అన్నారు. చప్పట్లు మోగాయి. తర్వాత సభ్యులు ఒక్కొక్కరే లేచి పాత భాగాల్లోని గొప్ప ఘట్టాలు గుర్తుచేశారు. వంతెన, గుర్రం కన్నీళ్ళు, సేనాపతి తల్లి తన గాజులు విరిచి కొడుకు చేతిలో పెట్టడం. ఒక్కొక్కటి చెప్పినప్పుడల్లా ఆవిడ ముఖం పాలిపోతోంది. పశ్చాత్తాపం అని రాసుకున్నాను.

ఆవిడ లేచి, "నా పాత భాగాలు ఒకసారి చూడొచ్చా?" అని అడిగింది. లైబ్రేరియనమ్మ ఆరూ తెచ్చి బల్ల మీద పెట్టింది.

ఆ పుస్తకాలను ఇన్నేళ్ళలో కంఠంగారు తప్ప మరొకరు ముట్టుకోలేదు. నేను ఆవిడ పక్క కుర్చీలోనే ఉన్నాను కనుక పేజీలు నాకూ కనిపించాయి. మార్జిన్ల నిండా పెన్సిలు రాతలు. "ఇక్కడ మూడో వరుస కునుకు తీస్తుంది. సేనాపతిని దింపాలి." "గోడ మరమ్మతు, వదిలేయాలి. బదులుగా తల్లి ఆశీర్వాదం." "ఈ వారం వానకు జనం పలచన. గుర్రం ఏడవాలి." ఆరవ భాగం నూటపదో పేజీలో, ఖాళీ మిగిలిన చోట, "వంతెన" అని రాసి చుట్టూ సున్నా చుట్టి ఉంది.

ఆవిడకు కోపం వచ్చింది. ఆ వెనకే ఏడుపు వచ్చింది. ఈ రెండూ ఇరవై ఎనిమిది కుర్చీల ఎదుట చేయదగినవి కావు కనుక మంచినీళ్ళు తాగింది. ముందు వరుసలో కంఠంగారు గొంతుకు గుడ్డ చుట్టుకుని, పలకను గుండెకు అదుముకుని కూర్చున్నాడు. ఆవిడ ఒక్క మాట అంటే చాలు, పదకొండేళ్ళ పేరు గాలికి పోతుంది. ఆయనకు నోరు లేదు, సంజాయిషీ ఇచ్చుకోవాలన్నా సుద్దముక్కతో ఇచ్చుకోవాలి.

ఆవిడ ఇంకా పేజీలు తిప్పుతూనే ఉంది. మూడో భాగం రెండు వందల పన్నెండో పేజీ దగ్గర ఆగింది. యుద్ధానికి వెళ్ళి తిరిగి రానివాళ్ళ చెప్పుల్ని కోట కాపలావాడు వాకిట్లోంచి తీయకుండా, రోజూ వాటి మీద దుమ్ము మాత్రం తుడిచే పేజీ అది. దాని మార్జిన్లో ఇలా ఉంది: "ఇక్కడ ఏమీ కలపలేదు. ఎవరూ కదల్లేదు."

ఆ వాక్యం ఆవిడ రెండుసార్లు చదివింది. నాకూ ఆ ఆదివారం గుర్తొచ్చింది. చదవడం ముగిశాక చెప్పులు వేసుకోవడానికి మాకందరికీ ఎందుకో ఆలస్యమైంది.

ఆవిడ వెళ్ళి కంఠంగారి పక్కన కూర్చుని మెల్లిగా అడిగింది. "వంతెన మీద ఎంతమంది చచ్చిపోయారండీ?"

ఆయన రాశాడు. "మూడు వందలు. జనం ఇంకా వచ్చుంటే వెయ్యిమంది పోయేవారు."

"మరి ఆ రెండు వందల పన్నెండో పేజీ?"

ఆయన పలక చెరిపి మళ్ళీ రాశాడు. "అది నావల్ల కాలేదమ్మా. అలాంటివి మీరు ఇంకొన్ని రాసుంటే నాకీ పాట్లు తప్పేవి."

ఆవిడకు నవ్వొచ్చింది. పలక తీసుకుని కొంగుతో చెరిపేసి ఆయన చేతిలో పెట్టి, సభ వైపు తిరిగింది. "ఏడవ భాగంలో లోపం జరిగింది. నాది కొంత ఉంది. ఎనిమిదవది వేరేగా వస్తుంది, దయచేసి మీరు ప్రచురణకర్తకు ఒక మంచి ఉత్తరం రాయండి," అంది. సభ ఆవిడను క్షమించింది. ఎనిమిదవ భాగం అచ్చుకు ఇచ్చే ముందు ఆవిడ తన మొదటి ఆరు భాగాలను శ్రద్ధగా చదువుకోవాలని తీర్మానం కూడా చేసింది.

ఎనిమిదవ భాగం ప్రూఫులు కంఠంగారి కోడలే దిద్దింది. రచయిత్రి ఇనుప పెట్టెలోని రాతప్రతిలో ఒక్క అక్షరం మార్చలేదట. కోడలి సలహా మీద ఒకే ఒక్క మార్పు జరిగింది. ప్రతి పేజీకీ మార్జిన్లు రెండంగుళాల వెడల్పు వదిలారు.

ఈలోగా కంఠంగారికి గొంతు తిరిగొచ్చింది. కొంచెం బొంగురు పోయింది గానీ, యుద్ధానికి అదే మేలన్నాం. ఎనిమిదవ భాగంలో సేనాపతి రెండు వంతెనలు కాపాడాడు. గుర్రం అడ్డుపడి ప్రాణాలర్పించింది. దర్జీ అక్క వెక్కి వెక్కి ఏడ్చింది. అక్కచెల్లెళ్ళు ఆ ఒక్కరోజూ మాట్లాడుకున్నారు. రచయిత్రి తప్పు దిద్దుకుందనీ, పాఠకుల మాట వింటే ఎవరైనా బాగుపడతారనీ అధ్యక్షులవారు ప్రకటించి, ఆవిడకు మా సంఘం తరఫున జ్ఞాపిక పంపించారు.

అంతా బాగానే ముగిసేది. ప్లంబరుకు మాత్రం మనసు ఊరుకోలేదు. ఆ కాలవ తర్వాత ఏమయిందో నింపాదిగా చూసుకుంటానని లైబ్రేరియనమ్మను బతిమాలి, మా చరిత్రలో మొట్టమొదటిసారిగా ఆ పుస్తకాన్ని ఇంటికి తీసుకెళ్ళాడు. వారం తిరక్కుండానే కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చాడు. "అచ్చులో వంతెనల్లేవండీ, పక్కన పెన్సిలు రాతలు నేను చదవలేదు. గుర్రం చావలేదు, ముసలిదై దొడ్లో ఉంది. మేస్త్రమ్మ పోయింది. ఆవిడ తాపీని అల్లుడు కాలవ ఒడ్డునే వదిలేశాడు, రోజూ దానికి తుప్పు మాత్రం గీకుతున్నాడు. నాకైతే అన్నం సయించలేదు," అన్నాడు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. మా ప్రతిలో యుద్ధం పేజీలు బైండింగులో జారిపోయాయని నిర్ధారించి, వాటిని వెంటనే పంపవలసిందిగా ప్రచురణకర్తకు రాశాం. పుస్తకాన్ని సొంతంగా చదివినవారికి కథ పూర్తిగా తెలిసే అవకాశం లేదు కనుక, వారికి సమీక్షా సభల్లో ఓటు హక్కు ఉండదని నియమావళిని సవరించాం. సవరణ ఏకగ్రీవంగా ఆమోదం పొందింది.

మార్జిన్లు కళ్ళారా చూసిన వాడివి, నువ్వెందుకు చెప్పలేదని మీరడగవచ్చు. చెబితే ఆదివారం మూడింటికి నేనెక్కడికి వెళ్ళను? ఇప్పటికీ ముందు వరుసే నాది, వంతెన వస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇక ఈ కథ మీరు స్వయంగా చదువుతున్నారో, ఎవరైనా చదివి వినిపిస్తున్నారో నాకు తెలియదు. మధ్యలో ఎక్కడైనా ఒక గుర్రం దూకుతూ వచ్చి ఉంటే, అది నేను రాసింది కాదు. మీకు నచ్చింది ఆ గుర్రమే అయినా సరే, మెచ్చుకుంటూ రాసే ఉత్తరం మాత్రం నా పేరుకే రాయండి.