గ్రాకిల్స్ వారి ఒకే ఒక్క రికార్డు

శనివారం ఉదయం లెమ్యూల్ గైన్స్‌కి మూడు పనులున్నాయి. ఇంటి ముందున్న పాలరాతి మెట్లు తోమాలి. లాండ్రీ నుంచి నీలం సూటు తెచ్చుకోవాలి. మర్నాడు చర్చిలో పాడాల్సిన పాటను, గొంతు మొండికేసేలోగా రెండుసార్లు పాడి చూసుకోవాలి. ఆదివారంతో అతనికీ ఒడెస్సాకీ పెళ్ళయి ముప్పై ఒక్క ఏళ్ళు నిండుతాయి. పశ్చిమ బాల్టిమోర్‌లో మెట్లు తెల్లగా లేని ఇంటివాళ్ళకు పెళ్ళిరోజు చేసుకునే అర్హత లేదని ఒడెస్సా నమ్మకం. అందుకే బకెట్టూ బ్రష్షూ గుమ్మంలో పెట్టి మరీ, జుట్టు చేయించుకోవడానికి పార్లర్‌కి వెళ్ళింది.

ఆ పాటకో చరిత్ర ఉంది. 1956లో ఆ పేటలో ఏ వీధి మలుపు చూసినా అయిదుగురు కుర్రాళ్ళు నిలబడి పాడుతూ ఉండేవారు. వాయిద్యాలు కొనే స్తోమత ఎవరికీ లేదు. లావు గొంతువాడు బమ్ బమ్ అంటూ డోలు పని చేస్తే, మధ్య గొంతులు ఊ కొట్టేవి, అందరికంటే పై గొంతువాడు పాట చివర్లో పిట్టలా ఎగిరిపోయేవాడు. జట్టుకి పిట్ట పేరు పెట్టుకోవడం అప్పటి ఆచారం. లెమ్యూల్ జట్టు పేర్ల వేటలో పడేసరికి మంచి పిట్టలన్నిటినీ ఎవరో ఒకరు పట్టుకుపోయారు. మిగిలింది గ్రాకిల్, అంటే కాకికి దూరపు చుట్టం. ఆ గ్రాకిల్స్‌కి పై గొంతు లెమ్యూల్.

వాళ్ళ దగ్గర ఉన్నది ఒకే సొంత పాట. అందులో మూడక్షరాల ఆడపేరు ఏదైనా ఒదుగుతుంది. వీధి దాటుతున్న పిల్లను బట్టి ఆ పూట పేరు మారేది. చివరికి మిసెస్ హేజెల్ బ్రూక్స్ ఆ పాటను రికార్డు చేసింది. ఆవిడ ముందు గదిలో బ్యూటీ పార్లర్, వెనక గదిలో 'హేజెల్‌టోన్' అనే రికార్డు కంపెనీ నడిపేది. రికార్డులో 'లోరెటా' అన్న పేరు పెట్టమన్నది కూడా ఆవిడే. అచ్చయినవి రెండు వందలు. అమ్ముడుపోనివన్నీ పార్లర్ నేలమాళిగలో నీళ్ళు చేరి పాడైపోయాయి.

మరుసటి ఏడాది చర్చి వాళ్ళు పీతల విందుకి వెళ్ళినప్పుడు లెమ్యూల్ మొదటిసారి ఒడెస్సాను చూశాడు. పీత డొప్ప పగలగొట్టి ఆమెకి అందిస్తూ, "నీ పేరు మీద రికార్డే ఉంది, తెలుసా? పాడింది నేనే" అన్నాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసి, రికార్డేదీ అని అడిగింది. నీళ్ళలో పోయిందన్నాడు. ఆ మాటల్లో నిజం అదొక్కటే. ఆ తర్వాత ప్రతి పెళ్ళిరోజుకీ చర్చిలో లేచి నిలబడి ఆ కథంతా చెప్పి, 'ఒడెస్సా, ఒడెస్సా' అని పాడి కూర్చునేవాడు. పై గొంతు ఏటికేడాది విరుగుతున్నా జనం చప్పట్లు కొట్టేవారు. ఒడెస్సా తల దించుకుని నవ్వేది. ఆ నవ్వు చూసినప్పుడల్లా లెమ్యూల్‌కి లోపలెక్కడో ముల్లు గుచ్చుకునేది. ఇరవై ఎనిమిదేళ్ళు సిటీ బస్సు నడిపి, చర్చి పెద్దల్లో ఒకడిగా డీకన్ అయి, నలుగురికి బుద్ధులు చెబుతున్న మనిషికి ఆ ముల్లు తీయించుకునే ధైర్యం మాత్రం రాలేదు.

రెండో మెట్టు తోముతుండగా ఫోను మోగింది. ఎవరో కుర్రగొంతు, పేరు వారెన్ స్ట్రిక్లర్ అట. కాలేజీ రేడియోలో శనివారాలు పాత పాటలు వేస్తాడట. హేజెల్ గారి పాత పార్లర్‌ను పడగొడుతుంటే నేలమాళిగలో అటక మీద ఒక పెట్టె దొరికిందట. అందులో పగలని గ్రాకిల్స్ రికార్డు ఒకటీ, ఆ రోజు రికార్డింగ్ మొత్తం ఉన్న టేపు ఒకటీ ఉన్నాయట.

"ఆ 'లోరెటా' పాట చివర్లో పై గొంతు విని ఏడ్చేశాను సార్. లెమ్యూల్ గైన్స్ గారితో ఒక్కసారి మాట్లాడించండి" అన్నాడు వారెన్.

లెమ్యూల్ చేతిలోంచి సబ్బు నీళ్ళు కార్పెట్ మీద కారుతున్నాయి. "వాడు పోయాడు" అన్నాడు.

"అయ్యో. ఎప్పుడు సార్?"

"ఈ మధ్యనే."

"మీరు?"

"తమ్ముణ్ణి" అని ఫోను పెట్టేశాడు. పీడ విరగడైందనుకుని మూడో మెట్టు మొదలుపెట్టాడు. అప్పుడు పదకొండు గంటలు.

పన్నెండున్నరకి వారెన్ రేడియోలో సంతాపం ప్రకటించాడు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, బాల్టిమోర్ నగరం ఇంతవరకూ విన్న గొంతుల్లో అంత స్వచ్ఛమైనది లేదనీ, ఆ గొంతు ఇక లేదనీ చెప్పి, ఒక నిమిషం మౌనం కూడా పాటించాడు. ఒంటి గంటకి చర్చి సిస్టర్ వెర్డీన్ ఇంత పెద్ద పంది తొడ వేపుడు వెండిరేకులో చుట్టుకుని మెట్లెక్కింది. ఆ పేటలో చావు కబురు చేరాక అరగంటలో తిండి చేరకపోతే పరువు తక్కువ. పై మెట్టు మీద బ్రష్షుతో కూర్చున్న లెమ్యూల్‌ను చూసి ఆవిడ ఆగిపోయింది.

"డీకన్, మీరు పోయారని రేడియోలో చెప్పారు" అంది.

"పొరపాటు సిస్టర్."

ఆవిడ చేతిలోని వెండిరేకు పొట్లం వైపు చూసుకుంది. "తెల్లారగట్ల నుంచి పొయ్యి మీదున్న తొడ ఇది. మా ఇంట్లో వాళ్ళు తినాల్సింది. మీరు బతికే ఉంటే తీసుకుపోనా?" అని అడిగింది. ఆ ప్రశ్నకి ఏ జవాబు చెప్పినా తప్పే. లెమ్యూల్ తలుపు తీసి పట్టుకున్నాడు.

తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చారు. రెండింటికల్లా బల్ల మీద రెండు పంది తొడలు, నాలుగు వెన్న కేకులు, మూడు గిన్నెల ఆకుకూర, లెక్కలేనన్ని కోడి ముక్కలు చేరాయి. వచ్చినవాళ్ళకల్లా రేడియోవాడి పొరపాటని చెప్పీ చెప్పీ లెమ్యూల్ ఆ మాట తనే నమ్మే స్థితికి వచ్చాడు. గ్రాకిల్స్‌లో లావు గొంతు పాడిన ఆర్టిస్ పింక్నీ నల్ల సూటులో, టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. జట్టులో ఆ ఊళ్ళో మిగిలింది ఇక అతనొక్కడే. స్నేహితుణ్ణి ప్రాణాలతో చూసి ఏడ్చాడు. విషయం విన్నాక తిట్టాడు. ఎలాగైనా ఆ టేపు బయటికి రాకుండా ఆపాలి, నువ్వూ ఓ చెయ్యి వేయమని లెమ్యూల్ బతిమాలితే అదోలా చూశాడు.

"లెమ్, ఆ టేపు జోలికి పోకు. అందులో ఏముందో నీకు తెలీదు" అన్నాడు.

"ఏముందో నాకే బాగా తెలుసు. అదే కదా నా ఏడుపు."

ఆర్టిస్ కోడి తొడ ఒకటి తీసుకున్నాడు.

మూడు గంటలకి ఒడెస్సా వచ్చింది. పార్లర్‌లో తల మీద సగం జుట్టు సాపు చేయించుకుని, మిగతా సగం కోసం కూర్చున్నప్పుడు ఎవరో పరుగున వచ్చి రేడియో సంగతి చెప్పారట. తన ఇంటికి ఫోను చేస్తే ఎంతకీ దొరకలేదట. ఊరంతా అదే నంబరుకి సంతాపం చెబుతోంది మరి. పన్నెండు వీధులు నడిచి వచ్చింది. తలలో కుడివైపు పట్టులా వాలి ఉంది, ఎడమవైపు గాలికి నిక్కబొడుచుకుని ఉంది. పౌడరు మీద కన్నీళ్ళు చారలు కట్టాయి. మెట్ల కింద నిలబడి మొగుణ్ణి ఆపాదమస్తకం చూసింది.

"చచ్చిపోయావట కదా" అంది.

లెమ్యూల్‌కి అప్పుడు నిజంగానే చచ్చిపోవాలనిపించింది. తన పరువు కాపాడుకోవడానికి అన్న ఒక్క ముక్కకి ఈ మనిషి పన్నెండు వీధులు ఏడుస్తూ నడిచింది. అక్కడే చెప్పేస్తే పోయేది. కానీ వెనక హాల్లో చర్చి జనం పళ్ళాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. "ఎవడో ఆకతాయి పనిలే" అన్నాడు, నేల చూపులు చూస్తూ.

ఒడెస్సా లోపలికి వెళ్ళి రేడియో స్టేషనుకి ఫోను చేసి, తన మొగుడు బతికే ఉన్నాడని చెప్పింది. అవతలివైపు వారెన్ ఆనందంతో ఉక్కిరిబిక్కిరై, దొరికిన టేపు సంగతంతా చెప్పి, చావు కబురు మాత్రం స్వయంగా గైన్స్ గారి తమ్ముడే చెప్పాడన్నాడు. ఆవిడ ఫోనుని చేత్తో మూసి లెమ్యూల్ వైపు తిరిగింది. ఆమెకి ఆడపడుచులు ముగ్గురే, మరుదులు లేరు. ఆ సంగతి ఆ గదిలో అందరికీ తెలుసు. అందరూ ఆకుకూర మీద దృష్టి పెట్టారు. ఒడెస్సా ఫోనులోకి, "రేపు మధ్యాహ్నం మా చర్చి హాలుకి రా నాయనా. మా ఆయన బతికున్నాడో లేదో నీ కళ్ళతో చూద్దువు గాని. వస్తూ ఆ టేపు పట్రా. మొత్తం వినాలి మేం" అంది. ఆ తర్వాత పార్లర్‌కి వెళ్ళి మిగతా సగం జుట్టు కూడా చేయించుకుంది.

ఆదివారం పాస్టరు గారు ప్రసంగానికి లాజరస్ చచ్చి లేచిన కథ ఎంచుకున్నారు. ప్రసంగం నడుస్తున్నంతసేపూ జనం లెమ్యూల్ వైపే చూశారు. తర్వాత అందరూ కింద హాల్లో చేరారు. చావుకి వచ్చిన తిండినే పెళ్ళిరోజుకి వడ్డించారు. పొడుగ్గా, సన్నగా, తెల్లగా ఉన్న వారెన్ లెమ్యూల్ చెయ్యి పట్టుకుని ఎంతకీ వదల్లేదు. టేపును కాసెట్లోకి ఎక్కించి తెచ్చాడు. పాట ఒక్కటీ వేసి ఊరుకుంటే సరిపోయేది. కానీ రికార్డుల పిచ్చి ఉన్నవాళ్ళకి పాట కంటే పాటకీ పాటకీ మధ్య మాటలంటేనే ఎక్కువ ప్రీతి. మొదటి నుంచీ వేస్తానన్నాడు.

గరగరమని శబ్దం. వెనక ఎక్కడో కుళాయి కారుతోంది. అంతలో, చనిపోయిన పదేళ్ళకి, హేజెల్ గారి గొంతు హాలంతా నిండింది. "పేరు లోరెటా అనే పెట్టండి అబ్బాయిలూ. నా పార్లర్‌కి వచ్చేవాళ్ళలో లోరెటాలు పదకొండు మంది. తలా ఒకటి కొన్నా నాకు అంతే చాలు."

ఒడెస్సా కేకు తింటోంది. లెమ్యూల్ లేచాడు.

"ఆ పాట ఒడెస్సాది కాదు. అప్పటికి నాకు ఒడెస్సా అన్న మనిషే తెలీదు. ముప్పై ఏళ్ళ నుంచీ మీ అందరి ముందూ ఈ అబద్ధమే చెప్తున్నాను. నిన్న చచ్చిపోయానని చెప్పింది కూడా నేనే. నాకు సిగ్గుగా ఉంది, ఒడెస్సా."

"ఈ సంగతి నాకు పీతల విందు నాటి నుంచీ తెలుసు" అంది ఒడెస్సా, వేలికంటిన వెన్న తుడుచుకుంటూ. "కూర్చో. ఇంకా ఉంది."

అతను కూర్చున్నాడు. కాసెట్ తిరిగింది. గ్రాకిల్స్ పాడారు. చివర్లో పై గొంతు ఎగరబోయి, తలుపు కిర్రుమన్నట్టు విరిగింది. మళ్ళీ పాడారు, మళ్ళీ విరిగింది. ఆరుసార్లు విరిగింది. చర్చి జనం అంతా పళ్ళాల్లోకి చూస్తూ కూర్చున్నారు. ఏడోసారి హేజెల్ గారు ఎంతో ప్రేమగా, "లెమ్యూల్ బాబూ, వీధి అవతలికి వెళ్ళి అందరికీ వేయించిన చేపలు పట్రా. అప్పటికప్పుడు వేయించమను, ఆలస్యమైనా పర్లేదు" అంది. తలుపు గంట మోగింది. అడుగుల చప్పుడు దూరమైంది. ఆ చేపలు లెమ్యూల్‌కి బాగా గుర్తున్నాయి. తిరిగొచ్చాక ఇంకోసారి పాడితే, ఇదే అసలైనదని అందరూ భుజం తట్టారు.

టేపులో హేజెల్ గొంతు మళ్ళీ వినిపించింది. "వెళ్ళాడా? ఒడెస్సా, చేతులు తుడుచుకుని ఆ తొట్టి దగ్గర్నుంచి ఇటు రా. వాళ్ళతో కలిసి ఆ చివరి ముక్క నువ్వు పాడు."

కుళాయి ఆగింది. బమ్ బమ్ మొదలైంది. చివర్లో పై గొంతు లేచి, ఎక్కడా తడబడకుండా, పాట వదిలేసి పైకి వెళ్ళిపోయింది. రికార్డుకెక్కింది అదే. వారెన్ కళ్ళు తుడుచుకున్నాడు. సిస్టర్ వెర్డీన్ కూడా తుడుచుకుంది. లెమ్యూల్ ఆర్టిస్ వైపు చూశాడు. ఆర్టిస్ తన బూట్లు చూసుకున్నాడు.

"అప్పుడు నాకు పదిహేడేళ్ళు. అక్కడ తలలు కడిగే పని నాది" అంది ఒడెస్సా. "తెర వెనక ఉండేదాన్ని, నువ్వు చూడలేదు. ఏడాది తర్వాత ఒకబ్బాయి పీత చేతికిచ్చి, నా గొంతు తనదని, ఎవరి పేరో నాదని చెప్పాడు. అంత ధీమాగా అబద్ధం చెప్పేవాణ్ణి నేనెక్కడా చూడలేదు. ఇంకేం చెప్తాడోనని పెళ్ళి చేసుకున్నాను."

ముందు నవ్విందెవరో తెలీదు గానీ, హాలంతా నవ్వింది. లెమ్యూల్ ముప్పై ఏళ్ళుగా తన గొంతని గొప్పలు చెప్పుకున్నది పక్కనే కూర్చున్న మనిషి గొంతు. ఆమె ప్రతి ఏడాదీ తల దించుకుని నవ్వింది ఇందుకన్నమాట. ఒక్కసారైనా బయటపెట్టి ఉంటే బతికి బయటపడేవాడు కాదని అర్థమైంది. నిన్న ఆమె నడిచిన పన్నెండు వీధులూ గుర్తొచ్చి క్షమించమని అడగబోతే ఆమె అతని చెయ్యి నొక్కి, చాల్లే అంది. వారెన్ అప్పటికే రికార్డూ కలమూ పట్టుకుని, సంతకం కోసం లెమ్యూల్‌ని దాటుకుని ఒడెస్సా దగ్గరికి వచ్చాడు.

జనం పాట అడిగారు. ఆర్టిస్ లేచి గొంతు సవరించుకుని బమ్ బమ్ మొదలుపెట్టాడు. అలవాటు కొద్దీ లెమ్యూల్ కూడా లేచి పై గొంతువాడి చోట నిలబడ్డాడు. ఒడెస్సా చేతులు తుడుచుకుని, వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది.

"లెమ్, వీధి అవతలికి వెళ్ళి అందరికీ వేయించిన చేపలు పట్రా" అంది.

హాల్లో ఇంకా ఒకటిన్నర పంది తొడ, మూడు కేకులు మిగిలే ఉన్నాయి, అయినా లెమ్యూల్ టోపీ పెట్టుకుని చేపలకి బయలుదేరాడు.