ఒక్క నిమిషం నిశ్శబ్దం

శుక్రవారం పొద్దున మంజులత పెట్టుకున్న పని చాలా చిన్నది. పది గంటలకు ఇంట్లో ఒక్క నిమిషం నిశ్శబ్దం రికార్డు చేసుకోవాలి, దాన్ని తన సినిమాలో అతికించాలి, సాయంత్రం ఆరులోగా కాలేజీకి పంపాలి. పంపకపోతే మూడేళ్ల సినిమా చదువు గట్టెక్కదు. ఇంకో ఏడాది అదే బెంచీ మీద కూర్చోవాలి.

ఆమె తీసింది ఇరవై నిమిషాల సినిమా. ధర్మవరంలో పట్టుచీరలు నేసే నాయన గంగాధరప్ప, నిమిషం నోరు మూయని అవ్వ జయమ్మ, వీళ్లిద్దరే అందులో మనుషులు. బొమ్మ బ్రహ్మాండంగా వచ్చింది. చిక్కంతా శబ్దంతోనే. అవ్వ మాటల్ని కత్తిరించిన ప్రతిచోటా శబ్దం ఠక్కున తెగిపోయి, బస్సు గుంతలో పడినట్టు ఉలికిపాటు. "ఆ గదిలో ఎవరూ మాట్లాడనప్పుడు ఉండే నిశ్శబ్దాన్ని తెచ్చి ఆ ఖాళీల్లో నింపమ్మా. వేరే గదిది పనికిరాదు," అన్నారు ఎడిటింగ్ మాస్టారు రవికుమార్, హైదరాబాదులో కూర్చుని.

ఆయనకేం, చెబుతారు! వీధిలో పన్నెండు ఇళ్లు, పద్దెనిమిది మగ్గాలు. తెల్లారింది మొదలు టకటకా టకటకా. మంజులత ఇల్లిల్లూ తిరిగి బతిమాలింది. ఎదురింటి అంజనప్పకు మాత్రం సంగతి ఎంత చెప్పినా తలకెక్కలేదు.

"ఏమ్మా, ఏమీ లేనిదాన్ని పట్టుకునేదానికి అంత మిషను కావాల్నా?"

"అవును మామా. పది గంటలకు మగ్గం ఆపు. నేనొచ్చి చెప్పినాకే మొదలుపెట్టు."

"సరేలేమ్మా, నీ చదువు కోసరం ఆపుతాంలే."

నాయన తెల్లవారుజామునే చీరలు తీసుకుని హిందూపురం వెళ్లాడు. ఇక మిగిలింది అవ్వ. "నేను నోరు మూసుకోని మూల కూచుంటా కదమే!" అంది జయమ్మ. "నువ్వా? నిద్రలో గూడా మాట్లాడతావు గదవ్వా!" అని మంజులత ఆమెను నాలుగు వీధుల అవతల, తెలిసిన మమతక్క ఇంట్లో దిగబెట్టి వచ్చింది. తలుపు గడియ పెట్టింది. తన ఫోనూ, ఛార్జింగులో ఉన్న అవ్వ ఫోనూ ఆపేసింది. ఆ పిల్ల ఏ పనీ సగం చేయదు, అదే కొంప ముంచింది.

పదింటికి మగ్గాలు ఆగాయి. మంజులత హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. ఫ్రిజ్ గుర్రుమంటోంది, పీకేసింది. గోడ గడియారం టిక్కుటిక్కుమంటోంది, బ్యాటరీ తీసేసింది. కొళాయి కారుతోంది, గుడ్డ కట్టింది. ఇంతలో గోడమీద బల్లి మొదలుపెట్టింది. బల్లిని బతిమాలే పద్ధతి కాలేజీలో నేర్పలేదు.

ఆ వీధుల్లో మగ్గాలన్నీ ఒక్కసారిగా ఆగాయంటే అర్థం ఒకటే, ఎవరో పోయారని. పెళ్లికి కూడా అన్నీ అలా ఆగవు. వెనక వీధి సుశీలమ్మ వంకాయలు తరుగుతూ చెవి రిక్కించింది. కత్తిపీట పక్కన పెట్టి వీధి మలుపు దాకా వచ్చి చూసింది. జయమ్మ ఇంటి తలుపు పట్టపగలు మూసి ఉంది. జయమ్మ గొంతు వినబడడం లేదు. ఫోను చేస్తే స్విచ్ఛాఫ్. మనవరాలిదీ స్విచ్ఛాఫ్.

"అయ్యో తల్లీ, మొన్ననే గదే నాతో కొట్లాడితివి!" అని సుశీలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

సుశీలమ్మ వచ్చి అడిగితే అంజనప్ప మొదట ఒప్పుకోలేదు. "కాదమ్మా, పిల్ల ఏందో మిషనంటేనే మేం ఆపినాం," అన్నాడు. అని, కాసేపు ఆలోచించి తనే నాలుక కరుచుకున్నాడు. "ఏమీ లేనిదాన్ని పడతానన్నప్పుడే నాకు అర్థం కావాల్సింది. నోటితో చెప్పలేక అట్ల ఆపించింది, పాపం!"

సుశీలమ్మ గంగాధరప్పకు ఫోను చేసింది. పోయారనే మాట ఫోనులో ఎవరూ అనరు. "అమ్మకు కొంచెం బాగలేదు నాయనా, ఉన్నపళంగా వచ్చేయ్," అంది. ఆ మాటకు అర్థం తెలియనివాడు ఎవడు? గంగాధరప్ప హిందూపురంలో కారు మాట్లాడుకుని, దారిలో పెనుకొండలో చెల్లెలు కృష్ణమ్మను ఎక్కించుకుని బయల్దేరాడు.

ఈలోగా మర్యాద కోసం వెనక వీధి మగ్గాలు ఆగాయి, ఆ వెనక వీధివీ ఆగాయి. హెడ్‌ఫోన్స్‌లో లోకం అంతకంతకూ మెత్తబడుతుంటే మంజులత కళ్లు చెమర్చాయి. "ఎంత మంచి జనం!" అనుకుంది. బల్లి కూడా అలిసిపోయింది. రికార్డింగు నొక్కింది. ఇరవై సెకన్లు గడిచాయో లేదో, గడప బయట గొల్లుమని ఏడుపు.

తలుపు తీసేసరికి నలభై మంది లోపలికి వచ్చిపడ్డారు.

"అవ్వకేం గాలేదు! మమతక్క ఇంట్లో ఉండాది!" అని అరిచింది మంజులత. ఎవరో వెళ్లి చూసి వచ్చారు. మమత ఇంటికి తాళం. ఫోను ఎత్తడం లేదు.

"పిల్లకు మతి చెదిరిందబ్బా," అని సుశీలమ్మ ఆమెను గుండెకు హత్తుకుంది.

"మరి పీనుగు యాడ?" అన్నాడు అంజనప్ప మెల్లగా.

"ఆస్పత్రిలో ఉంటాదిలే, ఊరుకో."

పన్నెండున్నరకు కారు ఆగింది. గంగాధరప్ప నడింట్లోకి వచ్చి నేలమీద కూలబడ్డాడు. "అమ్మా! పొద్దున దోసె తినిపో అంటే వినకుండా పోతినే!" అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. నాయన ఏడవగా మంజులత ఎన్నడూ చూడలేదు. ఆమె గుండె కరిగిపోయింది. అవ్వ బతికే ఉందని తెలిసీ, నాయనను పట్టుకుని తనూ భోరుమంది.

"ఇంతసేపటికి ఏడ్చింది. ఇంక పరవాలేదు," అని సుశీలమ్మ నిట్టూర్చింది.

అప్పుడు గుమ్మం ముందు ఆటో ఆగింది. మమత చెయ్యి పట్టుకుని, కొత్త కళ్లద్దాలు పెట్టుకుని జయమ్మ దిగింది. జనాన్ని తోసుకుంటూ లోపలికి వచ్చి, ఏడుస్తున్న కొడుకును చూసింది.

"ఎవురు పోయినార్రా?"

ఎవరూ నోరు విప్పలేదు. ఆ ప్రశ్నకు ఏమని చెబుతారు? జయమ్మ ఒక్కొక్కరి ముఖంలోకీ చూస్తూ, ఎవరు తక్కువయ్యారో లెక్క వేసుకుంటూ నిలబడింది. నలభై మంది ఊపిరి బిగబట్టారు. వీధిలో మగ్గం లేదు, పక్క వీధిలో మగ్గం లేదు. మిషను మీద ఎర్రదీపం మాత్రం వెలుగుతూనే ఉంది. దాన్ని ఆపాలని ఎవరికీ తోచలేదు.

నిమిషం పైన ఎనిమిది సెకన్లు. ఆ తర్వాత అరుపులతో ఇంటి పైకప్పు లేచిపోయింది, అది వేరే సంగతి.

ఆరుకు పది నిమిషాలుందనగా సినిమా వెళ్లింది. ఏడింటికి మాస్టారు ఫోను చేశారు. "నిశ్శబ్దం భలే కుదిరిందమ్మా. ఖాళీగా లేదు, ఎంతో మంది గుండెలు ఆగినట్టుంది. పాసయ్యావు పో!" మంజులత ఆనందం పట్టలేక అవ్వను వాటేసుకుంది.

అవ్వకు మాత్రం నిశ్శబ్దంతో పని లేదు. "ముందర ఏడ్చిందంతా పడిందంట గదా, అది వినిపించు," అంది. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని గంటన్నర కదలకుండా వింది. "మీ నాయన బాగా ఏడ్చినాడు. సుశీలమ్మ గూడా పరవాలేదు." ఆ తర్వాత ముఖం మాడ్చుకుని కూతురి వైపు తిరిగింది. "ఏమే కృష్ణమ్మా, నీ గొంతు యాడా లేదే?"

"కారులోనే ఏడ్చేసినా గదమ్మా, పెనుకొండ నుంచి దావ పొడుగునా!"

"కారులోది నాకెట్ల తెలుస్తాది?"

మరునాడు బస్సెక్కే ముందు కృష్ణమ్మ మైకు ఎదురుగా కూర్చుని, రెండు టేకుల్లో ఏడ్చి వెళ్లింది.