ఎకరానికో సెక్షన్

ఆ శనివారం శౌరమ్మ వేసుకున్న లెక్క చాలా చిన్నది. నాలుగు ముద్దలు చద్దన్నం తినాలి. తొంభై మంది ఆడవాళ్లను మూడు ట్రాక్టర్ల తొట్లలో ఎక్కించాలి. తొమ్మిదెకరాలు నాటించి, సాయంత్రం ఆరింటికల్లా ఇంటికి రావాలి. నిజానికి ఆమె నాట్ల ముఠా ముప్ఫై మందే, వాళ్లకది మూడు రోజుల పని. ఒక్క రోజు చాలన్నది ఆమె మొగుడు బాలశౌరి.

బాలశౌరి పద్దెనిమిదేళ్లు పటాలంలో చేసి, హవల్దారుగా పెన్షను పుచ్చుకుని, ఆ ఏటి ఈస్టరుకి ఇల్లు చేరాడు. చేరిన వారానికే పెరట్లో కోళ్లను మూడు జట్లు చేసి, జట్టుకొక పుంజును నాయకుడిగా నియమించాడు. రెండో రోజుకి పుంజులు మూడూ రక్తం కారేలా పొడుచుకున్నాయి. శౌరమ్మ ఒక పుంజును కూర వండి పెట్టింది. ఆమె మాటలు తక్కువ మనిషి.

అటువంటి మనిషి వారం కిందట లాకుల దగ్గర నలుగురిలో నోరు జారింది. కాలువకు శనివారం సాయంత్రం ఆరింటికి నీళ్లు కట్టేస్తారని, మళ్లీ పది రోజుల దాకా వంతు రాదని కబురొచ్చింది. రైతు వెంకటకృష్ణారావు నారు అప్పటికే ముదురుతోంది. పైవాళ్ల వంతు అయ్యాక ఆయన చేను నీళ్లలో దున్ని దమ్ము ముగిసేది శుక్రవారానికి. మిగిలేది ఒక్క రోజు. “తొమ్మిదెకరాలు ఒక్క రోజులో నాటేవాళ్లెవరమ్మా?” అని ఆయన అందరి మొహాలూ చూశాడు. పక్క ఊరి ముఠా పెద్ద కొండలమ్మ నవ్వింది. ఆమె ముఠా అరవై మంది. ఆ శనివారం వాళ్లు బసవపున్నయ్య గారి ఆరెకరాలకు ఒప్పుకుని ఉన్నారు.

“మాకైతే తీరిక లేదండీ. శౌరమ్మ వదిన్ని అడగండి. వాళ్లు గట్టు దిగేసరికే పొద్దు గూకుద్దనుకోండి, అది వేరే సంగతి,” అంది.

శౌరమ్మ చెవులు వేడెక్కాయి. “ఆ తొమ్మిదెకరాల్లో ఒక్క మడి మిగిలినా, సోమవారం నుంచి నా ముఠా నీ వెనక నడుస్తుంది వదినా.”

“మిగలకపోతే?”

“నీ ముఠా నా వెనక నడవాలి.”

ఇరవై ఏళ్లుగా ఆమె ముఠా ఎవరి వెనకా నడవలేదు. ఇంటికొచ్చి మొగుడికి సంగతి చెప్పి ఆమె తల పట్టుకుంది. బాలశౌరి కళ్లు మాత్రం మెరిశాయి.

“ఎకరానికి ఎంతమంది కావాలే?”

“పదిమంది.”

“మా సెక్షన్‌కీ పదిమందే! మూడు సెక్షన్లు ఒక ప్లాటూన్. మూడు ప్లాటూన్లు ఒక కంపెనీ. తొమ్మిది సెక్షన్లు, తొమ్మిదెకరాలు. నీ చెల్లెలి ఊరి నుంచి అరవై మందిని పిలిపించు. ప్లాటూన్‌కి ఒక ట్రాక్టరు నేను తెస్తా.”

తెచ్చాడు కూడా. రెండు ట్రాక్టర్లు బంధువుల ఊళ్లో దొరికాయి. మూడోది ఆటోనగర్లో క్లచ్చు విప్పేసి పడి ఉంటే, మేస్త్రీ పక్కన రెండు రోజులు కూర్చుని బిగించి తెచ్చాడు. శౌరమ్మ చెల్లెలు మార్త శుక్రవారం సాయంత్రానికే అరవై మందితో దిగింది. వాళ్లంతా చర్చి వరండాలో పడుకున్నారు.

తెల్లవారగానే ముసురు పట్టింది. బాలశౌరి అందరినీ వరసల్లో నిలబెట్టి ఈల ఊదాడు.

“బాగా వినండి. మనుషుల్ని లారీలో తెచ్చి, దించేసి, లారీ దాని దారిన అది పోతే అది మోటారు పటాలం. బండి కూడా సెక్షన్‌లో మనిషే అయ్యి, దించిన చోటే కాసుకుని ఉంటే అది మెకనైజ్డ్ పటాలం. మా పటాలానికి గొలుసుల మీద నడిచే ఇనప బండ్లు ఇచ్చాక, మా డ్రైవరు సీటు దిగి ఎరగడు. డ్రైవర్లూ, మీక్కూడా చెబుతున్నా. దించాక బండి కదిలించారో, ఊరుకోను.”

రెండో ట్రాక్టరు డ్రైవరు ఆమోసు శ్రద్ధగా తల ఊపాడు. చెప్పింది చెప్పినట్టు చేసే కుర్రాడని అతనికి పేరు.

“ఆమోసూ, ముందు బండికి ఎర్ర గుడ్డ కట్టాను. నీ కన్ను దాని మీద నుంచి తియ్యకూడదు. బండికీ బండికీ రెండొందల గజాల ఎడం. ఎర్ర గుడ్డ ఆగిన చోట ఆగు. నిమిషంలో అందరూ దిగాలి, పని మొదలెట్టాలి. ఎవరూ ఏమీ అడగకూడదు.”

ఆ ఎర్ర గుడ్డ తన పాత రవికేనని శౌరమ్మ గుర్తుపట్టింది. కానీ అది మాట్లాడే సమయం కాదు.

“నిమిషంలో దూకితే నా నడుం విరుగుద్ది అల్లుడూ,” అంది ముఠాలో పెద్దామె పేరమ్మ. “మీ పటాలంలో ముసలోళ్లని ఎట్టా దించేవాళ్లు?”

“మా పటాలంలో ముసలోళ్లు ఉండరు అత్తా.”

“ఓహో, అందుకా నిన్ను పంపించేశారు?”

మొదటి ట్రాక్టరు మీద బాలశౌరి, శౌరమ్మ, ఊరి ముప్ఫై మంది ఎక్కారు. వెనక రెండింట్లో మార్త, ఆమె తెచ్చిన అరవై మంది. లాకులు దాటగానే మొదటి ట్రాక్టరు ఎడమకు తిరిగి, కాలువ గట్టున మైలు దూరం పోయి, వెంకటకృష్ణారావు చేను దగ్గర ఆగింది. నిమిషంలో ముప్ఫై మంది దిగారు. పేరమ్మ కూడా దిగింది. వెనక్కి చూస్తే గట్టు మీద ఒక్క ట్రాక్టరూ లేదు.

“వస్తారు. కాన్వాయ్ అంటే ఎడం ఉండాలి,” అన్నాడు బాలశౌరి.

అరగంట గడిచింది.

“ఎంత ఎడమయ్యా? బందరు దాకానా?” అంది శౌరమ్మ.

వెంకటకృష్ణారావు గొడుగేసుకుని వచ్చాడు. వంగి నాటుతున్న ముప్ఫై మందిని చూశాడు. వాళ్ల పక్కన ఖాళీగా మెరుస్తున్న ఆరెకరాల నీళ్లను చూశాడు. “మిగతా సైన్యం ఏదమ్మా?” అని గడియారం తీశాడు.

“మీ పటాలంలో బండ్లు తప్పిపోతే ఏం చేసేవాళ్లు?” అని శౌరమ్మ మెల్లగా మొగుణ్ణి అడిగింది.

“వైర్‌లెస్‌లో పిలిచేవాళ్లం.”

“మరి ఇప్పుడు?”

బాలశౌరి గట్టెక్కి, బుగ్గలు పొంగించి ఈల ఊదాడు. కాలువలో పడుకున్న మూడు గేదెలు తలలెత్తి చూశాయి. ఇంకెవరూ రాలేదు.

ముప్ఫై మందినీ పేరమ్మకు అప్పజెప్పి, మొగుడూ పెళ్లాలు మొదటి ట్రాక్టరు మీద వెతకడానికి బయల్దేరారు. లాకుల దగ్గర ఎడమకు తిరగకుండా నేరుగా పోతే, మైలున్నర దూరంలో కనిపించాయి. రెండు ట్రాక్టర్లూ రోడ్డు పక్కన, సరిగ్గా రెండొందల గజాల ఎడంతో, గీత గీసినట్టు నిలబడి ఉన్నాయి. ఆమోసు వానలో తడుస్తూ సీటు మీద నిటారుగా కూర్చుని ఉన్నాడు. మార్త, ఆమెతో వచ్చిన అరవై మంది పాటందుకుని చకచకా నాటుతున్నారు. అది బసవపున్నయ్య గారి చేను. ఆయన గట్టు మీద నిలబడి వాళ్లకు మజ్జిగ పోయిస్తున్నాడు.

“దారెందుకు తప్పావురా?” అని అరిచాడు బాలశౌరి.

“తప్పలేదు బాబాయ్. లాకుల కాడ మన మధ్యకి బస్సొచ్చింది. అది పక్కకి తప్పుకోగానే ఎర్ర గుడ్డ కనపడింది. కన్ను తియ్యకుండా వచ్చేశా.” ఆమోసు చెయ్యి చాపి చూపించాడు. బసవపున్నయ్య ట్రాక్టరు మీద, చేను చదును చేసే తాటి దూలం మూడు బారలు వెనక్కి పొడుచుకొచ్చి ఉంది. దాని కొసకు పోలీసుల నిబంధన ప్రకారం ఒక ఎర్ర గుడ్డ వేలాడుతోంది.

“మాదేం తప్పు లేదు బావా,” అంది మార్త మడిలోంచి. “దిగమన్నావు, దిగాం. దమ్ము చేసిన చేను ఉంది, గట్టున నారు ఉంది. అడగొద్దన్నావు, అడగలేదు.”

“అమ్మాయిలది ఎంత చెయ్యనుకున్నావు!” అన్నాడు బసవపున్నయ్య సంబరంగా. “కొండలమ్మ ముందుగా పంపించిందనుకున్నా.”

ఆ కొండలమ్మ అప్పుడే నాలుగు మైళ్లు నడిచి, అరవై మందితో గట్టెక్కింది. చేను వంక చూసింది. శౌరమ్మ వంక చూసింది.

“చేలో కుప్పలెత్తుకుపోయే దొంగల్ని ఎరుగుదుం గానీ వదినా, నాట్ల దొంగల్ని ఇదే చూట్టం!”

గట్టు మీద అరవై నోళ్లు, మడిలో అరవై నోళ్లు ఒక్కసారి లేచాయి. ఆ చుట్టుపక్కల ఊళ్లలో ఒక కట్టుబాటుంది. ఒక ముఠా చెయ్యి పెట్టిన చేలో ఇంకో ముఠా కాలు పెట్టదు. మొదలెట్టినవాళ్లే ముగించాలి. అంటే మార్త వాళ్లు ఈ చేను వదలడానికి లేదు, కొండలమ్మ వాళ్లు దిగడానికి లేదు. అక్కడ ఆరెకరాలు ఆరింటి కోసం చూస్తున్నాయి.

“ఇట్టాంటప్పుడు పటాలం వెనక్కి తగ్గుద్ది,” అన్నాడు బాలశౌరి నీరసంగా.

“నాట్లలో వెనక్కి నడిస్తేనేనయ్యా పని ముందుకెళ్లేది,” అంది శౌరమ్మ. ఆమె చూపు గట్టు మీద ఉన్న అరవై మంది కాళ్ల మీద పడింది, బురద కొట్టుకున్న కాళ్లు. అక్కణ్ణించి రోడ్డు పక్కన కాసుకుని ఉన్న మూడు ట్రాక్టర్ల మీదకు పోయింది. దించేసి వెళ్లిపోకుండా ఉన్నాయి. అరవై మంది, ఆరు సెక్షన్లు, ఆరెకరాలు.

“వదినా,” అంది. “మీ వాళ్లని ఇంత దూరం నడిపించావు. ఒట్టి చేతులతో మళ్లీ నడిపిస్తావా? వెంకటకృష్ణారావు గారి ఆరెకరాల్లో ఇంకా ఎవరూ చెయ్యి పెట్టలేదు. ఎక్కండి.”

“నీ పందెం నన్ను గెలిపించమంటావా? బలే దానివే!”

కొండలమ్మ ఇంకా నవ్వుతూ ఉండగానే, ఆమె ముఠా తొట్లెక్కడం మొదలెట్టింది. వాళ్లలో చాలామందికి ట్రాక్టరెక్కడం అదే మొదలు. ఆమోసు పదేసి మందిని లెక్కపెట్టి కూర్చోబెట్టాడు. ఖాళీ గట్టు మీద ఒంటరిగా మిగిలిన కొండలమ్మ మనసులో లెక్క వేసుకుంది. పది గంటలు కావస్తోంది. ఆరింటికి ఆరెకరాలు ఎట్లాగూ కావు. మా పూట కూలి మాకు దక్కుతుంది, పందెమూ దక్కుతుంది. ఆమె కూడా ఎక్కింది.

కొండలమ్మ ముఠా తాపీగా నాటింది. మధ్యాహ్నం ఆకు వక్క తాపీగా నమిలింది. నాలుగయ్యేసరికి పేరమ్మ ముప్ఫై మంది తమ మూడెకరాలూ ముగించి, కాళ్లు కడుక్కుని గట్టు మీద కూర్చున్నారు. అవతల చేను ముగించిన మార్త వాళ్లను ఆమోసు రెండు దఫాలుగా తెచ్చి వాళ్ల పక్కనే దించాడు. తొంభై మంది గట్టు మీద. అరవై మంది నీళ్లలో. ఇంకా రెండెకరాలకు పైగా ఖాళీ.

సోమవారం పొద్దున కొండలమ్మ వీపు చూస్తూ గట్టు మీద నడవడం శౌరమ్మకు కళ్ల ముందు కనిపిస్తోంది.

పేరమ్మ గొంతు పెంచింది. “పాపం, ఊరికే అరవై మంది అనుకున్నాం గానీ, నీళ్లంటే భయం కాబోలే పిల్లలకి!”

తొంభై మంది నవ్వారు. కొండలమ్మ మొహం ఎర్రబడింది. వెంకటకృష్ణారావు కూడా గొడుగు కింద నుంచి, “ముఠా పెద్దదే గానీ చెయ్యి చిన్నదేనమ్మా,” అన్నాడు.

అప్పుడు శౌరమ్మ మడి అంచు దాకా నడిచింది. “వదినా, అలిసిపోతే చెప్పు. మా వాళ్లని మీ మడుల్లో దింపుతాను,” అంది మెత్తగా.

అంతే. ఒక ముఠాకి అంతకంటే పెద్ద తిట్టు లేదు.

“గట్టు దిగారంటే కాళ్లిరగ్గొడతా!” అంది కొండలమ్మ. “నా వాళ్లు చెయ్యి పెట్టిన చేను నా వాళ్లే ముగిస్తారు! ఏమే, నిద్రపోతన్నారా? వంగండి!” అంటూ చీర ఎగదోపి, ఐదేళ్లుగా నడుం వంచని మనిషి తనే మడిలోకి దిగింది. ఆ తర్వాత గంటన్నర అటువంటి నాట్లు ఆ చేను ఎన్నడూ చూసి ఉండదు. పాట లేదు, మాట లేదు. నీళ్ల చప్పుడొక్కటే. ఆరింటికి ఇంకా పది నిమిషాలున్నాయనగా ఆఖరి మడిలో ఆఖరి నారు మొక్క కొండలమ్మే గుచ్చింది.

నడుం ఎత్తి, బురద చేతులు రెండూ పైకి లేపి, “ఒక్క మడి! ఒక్క మడి మిగిలిందేమో చూసుకో వదినా!” అని అరిచింది.

“మిగల్లేదు వదినా,” అంది శౌరమ్మ.

చేతులు పైన ఉండగానే కొండలమ్మకు సంగతి అర్థమయింది. ముందు ఆమె ముఠా నవ్వింది, తర్వాత తొంభై మంది, ఆ తర్వాత వెంకటకృష్ణారావు. చివరికి కొండలమ్మ కూడా గట్టు మీద కూలబడి నవ్వడం మొదలెట్టింది. శౌరమ్మ అందరికంటే ఎక్కువసేపు నవ్వింది. ఆమె అంతగా నవ్వడం ఇరవై ఏళ్లలో ఎవరూ చూడలేదు.

“సరే, ఆడిన మాట తప్పను. సోమవారం నుంచి నీ వెనకే,” అంది కొండలమ్మ కళ్లు తుడుచుకుంటూ. “కానీ నడవడం మాత్రం మా వల్ల కాదు. బండ్లు పెట్టు.”

వెంకటకృష్ణారావు బాలశౌరి భుజం తట్టాడు. “బలే వ్యూహం పన్నారండీ!” బాలశౌరి ఛాతీ విరుచుకుని, “శత్రువు బలాన్నే మన సెక్షన్లుగా వాడుకోవడం అంటారండి దీన్ని,” అన్నాడు. ఆమోసు నోరు తెరిచి, ఏమీ అడగకూడదన్న మాట గుర్తొచ్చి మళ్లీ మూసుకున్నాడు.

కొండలమ్మ ముఠాను వాళ్ల ఊళ్లో దింపడానికి రెండు ట్రాక్టర్లు వెళ్లాయి. మార్త వాళ్లలో సగం మంది, పేరమ్మ వాళ్లలో నడుం నొప్పి ఉన్నవాళ్లంతా మూడోదాంట్లో పట్టారు. శౌరమ్మ డ్రైవరు పక్కన కూర్చుంది. మిగిలిన ఆడవాళ్లు ఎక్కేసరికి లాకుల దగ్గర బస్సు నిండిపోయింది.

పటాలం మొత్తంలో కాలినడకన ఇల్లు చేరింది హవల్దారు బాలశౌరి ఒక్కడే.