కొండసైకిలు కొనుగోలు పర్వం

వానలు వెనుదిరిగి, ఎండలు ఇంకా ధైర్యం చేయక, ఆకాశం ఎటూ తేల్చుకోలేక బూడిదరంగులో నిలిచిపోయిన ఒకానొక శనివారం, ఉదయం తొమ్మిదిన్నర గంటల శుభసమయాన, రెండవ అంతస్తు ఇంటిలో, కుక్కరు ఈలలతో మారుమోగుతున్న వంటగదికి ఆనుకొని ఉన్న భోజనబల్ల ముందు ఒక మహావీరుడు ఆసీనుడై ఉన్నాడు. అతడు కట్టుడుపళ్ళ నిర్మాణధురంధరుడు. ఊళ్ళోని సగంమంది దంతవైద్యులకు కుడిభుజం. అరమిల్లీమీటరు తేడాను వేలికొనతో పసిగట్టి, పళ్ళసెట్టును నిర్దాక్షిణ్యంగా పగులగొట్టి మళ్ళీ మొదటినుంచి చేసే సూక్ష్మస్పర్శకోవిదుడు. వయసు నలభై ఏడు. నడుమునొప్పితో ఐదేళ్ళుగా ఎడతెగని సంధివిగ్రహాలు నెరపుతున్నవాడు. అతని ఎదుట పరచి ఉన్నది పదకొండు అడ్డవరుసలు, తొమ్మిది నిలువుగడులు గల ఒక మహాపట్టిక. అందులో పదకొండు సైకిళ్ళ గుణగణాలు నాలుగు రంగుల సిరాలతో లిఖించబడి ఉన్నాయి.

శాంతస్వభావుడైన ఆ వీరుడు ఇంతటి యుద్ధసన్నాహానికి ఎందుకు పూనుకున్నాడో ముందు చెప్పాలి.

ఆదివారాల్లో అతడూ, లిఫ్టులు బాగుచేసే అతని బావమరిదీ కలిసి ఊరి వెలుపలి కొండదారిలో సైకిళ్ళు తొక్కేవారు. బావమరిది వాహనానికి ముందూ వెనుకా షాకబ్జార్బర్లు ఉన్నాయి. మన వీరుడి పాత సైకిలుకు ముందు మాత్రమే ఉంది. వెనుక భాగం పచ్చి ఇనుము. కాబట్టి ఆ దారిలోని ప్రతి రాయీ తన అభిప్రాయాన్ని వెనుకచక్రానికి, చక్రం సీటుకు, సీటు వెన్నెముకకు, వెన్నెముక అతని సొంత పళ్ళకు ఏ దాపరికమూ లేకుండా చేరవేసేది. అతడు కిటకిటలాడుతూ, మూలుగుతూ, నడుము పట్టుకొని మలుపు తిరిగేసరికి, అప్పటికే దిగి చెట్టుకు ఆనుకొని నిలబడ్డ బావమరిది అరటిపండు ఒలుస్తూ కనిపించేవాడు.

"మెల్లిగా రా బావా, తొందరేముంది. ఇంకా రెండో పండే తింటున్నా."

శత్రుసేనలు వెయ్యి శరాలు ఒక్కపెట్టున వదిలినా చలించని గుండెలు కొన్ని ఉంటాయేమో గాని, ఆ రెండో పండు ముందు నిలిచే గుండె సృష్టిలో లేదు. ఆ మాట విన్న రోజే అతడు వెనుక షాకబ్జార్బరు ఉన్న కొత్త సైకిలు కొని తీరాలని ప్రతిజ్ఞ చేశాడు. ఆ ప్రతిజ్ఞను దిక్కులు పిక్కటిల్లేలా భార్య ముందు ప్రకటించదలచి, పప్పులో ఉప్పు బాగుందని ముందు మెచ్చుకొని, "ఒక సైకిలు చూద్దామా అనుకుంటున్నాను" అన్నాడు.

ఆమె మందుల దుకాణం నడుపుతుంది. చేతిరాతలు అర్థం చేసుకోవడంలో, అబద్ధాలు వినడంలో ఇరవైయేళ్ళ అనుభవం ఉన్న ఇల్లాలు.

"కొనుక్కోండి, నేను వద్దనను" అంది. "కానీ రెండు షరతులు. పక్కన పెట్టుకున్న డబ్బు దాటకూడదు. మీ బరువు ఎనభై లోపుకి రావాలి. డాక్టరు చెప్పి ఏడాదవుతోంది."

మొదటి షరతు అతడిని బాధించలేదు. ఆ డబ్బు ఎక్కువా కాదు, తక్కువా కాదు. మంచి సైకిలును దూరం నుంచి చూపించి, చెడ్డ సైకిలును దగ్గరికి తెచ్చే మధ్యస్థమైన మొత్తం. రెండవదానితోనే వచ్చింది చిక్కు. స్నానాలగదిలో బరువుయంత్రం వాష్‌బేసిన్ పక్కన ఉంటుంది. తూకం వేళ మన వీరుడు ఎడమచేతిని ఆ బేసిన్ అంచుమీద పరధ్యానంగా, కవితేదో తలచుకుంటున్నవాడిలా ఆనించేవాడు. నాలుగు శనివారాలు ముల్లు క్రమంగా కిందికి దిగి, ఐదవవారానికి డెబ్బై తొమ్మిది దగ్గర వినయంగా ఆగింది. ఆమె పుస్తకంలో రాసుకుంది.

ఆ ఐదు వారాలూ అతడు అరవై మంది సైకిలు పండితుల వీడియోలు చూశాడు. చక్రం పైకి కదిలే దూరం ఎక్కువుంటేనే సైకిలని ఒక గడ్డం పండితుడు, ఎక్కువుంటే అది సైకిలే కాదని ఇంకొక గడ్డం పండితుడు ఘోషించారు. ఇద్దరి మాటా విని పట్టిక గీసి, కూడి, భాగించి, చివరికి ఒక ఎర్ర సైకిలుకు ప్రథమస్థానం ఇచ్చాడు. అప్పుడు కుక్కరు చివరి ఈల వేసింది. భార్య పొయ్యి ఆపి, చెప్పులు వేసుకుంది. కింద బావమరిది హారను కొట్టాడు. దండయాత్ర కదిలింది.

సైకిళ్ళ దుకాణం యజమానురాలికి అరవైయేళ్ళుంటాయి. మెడలో తాడుకు వేలాడే కళ్ళజోడు, మోచేతులదాకా నల్లటి గ్రీజు, నడుముకు రెంచీలు. ముగ్గురినీ ఒకసారి చూసి ఎవరు కొంటారో, ఎవరు డబ్బిస్తారో, ఎవరు మాట్లాడతారో ఆమె వెంటనే గ్రహించింది.

మాట్లాడేవాడు నేరుగా గోడకు వేలాడుతున్న బంగారురంగు సైకిలు దగ్గరికి వెళ్ళాడు. "బావా, జీవితంలో ఒక్కసారి కొంటాం. కొంటే ఇలాంటిదే కొనాలి."

భార్య ధరచీటీని చదివి, నెమ్మదిగా వెనక్కి తిప్పి పెట్టింది. ఆ తిప్పడంతో ఒక స్వర్ణసామ్రాజ్యం కూలిపోయింది.

వీరుడు పట్టిక విప్పి ఎర్రసైకిలును చూపించాడు. యజమానురాలు దాని సీటును అరచేతితో గట్టిగా నొక్కి వదిలింది. అది లేచింది, మళ్ళీ దిగింది, మళ్ళీ లేచింది.

"చూశారా, మంచం స్ప్రింగులాగా ఊగుతుంది గాని ఆగదు. దిగుడులో మిమ్మల్ని ఎత్తి అవతల పడేస్తుంది. ఇది వీధిలో చూపించుకోవడానికండి."

తొమ్మిది గడులు, నాలుగు సిరాలు, ఐదు వారాల తపస్సు ఒక్క నొక్కుతో నేలకూలాయి. వీరుడు పట్టికను మడిచి, మళ్ళీ మడిచి, ఇక మడతపడనంత చిన్నదయ్యాక జేబులో పెట్టుకున్నాడు.

అప్పుడామె లోపలినుంచి ఒక సైకిలును నడిపించుకొని వచ్చింది. రంగు, వానాకాలపు గుంటలో నీళ్ళ రంగు. "నిరుటిదండి. రంగు చూసి ఎవరూ తీసుకోలేదు, అందుకే ధర తగ్గించాను. బ్రేకులు మంచివి. వెనకాల ఉన్నది గాలితో పనిచేసే షాకబ్జార్బరు. ఎక్కేవాళ్ళ బరువును బట్టి గాలి కొట్టాలి." చేతిలోకి చిన్న పంపు తీసుకుంది. "మీ బరువెంతండి?"

గాలి స్తంభించింది. గోడమీది చక్రాల ఊచలు ఒక్కొక్కటి చెవులై నిక్కాయి. ఒకవైపు సత్యం, మరొకవైపు సైకిలు, నడుమ సహధర్మచారిణి. ఆ త్రిశంకుస్థితిలో మన వీరుడు గొంతు సవరించుకొని, "డెబ్బై తొమ్మిది" అన్నాడు.

భార్య గోడకున్న హెల్మెట్లను చూడసాగింది.

యజమానురాలు గాలి కొట్టి, షాకబ్జార్బరు కడ్డీమీది సన్నని రబ్బరు ఉంగరాన్ని పైకి జరిపి, అతడిని ఎక్కి కూర్చోమంది. కూర్చున్నాడు, దిగాడు. బరువుకు ఉంగరం కిందికి జారి ఎక్కడ ఆగిందో ఆమె స్కేలు పెట్టి కొలిచింది. కళ్ళజోడు పెట్టుకొని మళ్ళీ కొలిచింది.

"పదహారు మిల్లీమీటర్లు దిగాలి. ఇరవై దిగింది."

"నిరుటి సరుకు కదా, గాలి లీకవుతున్నట్టుంది" అన్నాడు బావమరిది. "వదిలెయ్ బావా. ఎవరూ కొనలేదంటే ఊరికే కొనలేదా?"

ఆమె ముఖం వాడిపోయింది. "లీకయ్యేది నేను అమ్మనండి. పోయిన నెలే సీలు మార్చాను, ఈ చేతులతోనే." అని మోకాళ్ళమీద కూర్చొని, లేని తప్పు కోసం కడ్డీ చుట్టూ వేలితో తడమసాగింది. "విప్పి చూడాలి. నా పనిలోనే ఏదైనా పొరపాటు జరిగిందేమో."

కట్టుడుపళ్ళ ధురంధరుడు ఆ వేలిని చూశాడు. తను కూడా అలాగే, ఎవరో నోరు సరిగా తెరవక ఇచ్చిన అచ్చుకు, తన పళ్ళసెట్టులో తప్పు వెతుక్కుంటూ ఎన్ని మధ్యాహ్నాలు గడిపాడో అతనికి గుర్తొచ్చింది. నాలుగు మిల్లీమీటర్లు. అరమిల్లీమీటరుకే పగులగొట్టేవాడు నాలుగింటిని ఎలా మింగుతాడు? 'ఓ నిర్దోషీ, పంకవర్ణశోభితా, నా పాపభారాన్ని నీ ఒక్కదాని వెన్నుమీద ఎలా మోపగలను' అని అంతరంగంలో మహోపన్యాసం ఒకటి ఉప్పొంగింది. పైకి వచ్చిన భాగం ఇదీ:

"విప్పకండమ్మా. అది బాగానే ఉంది. నేను తొంభై నాలుగు."

బావమరిది మొదటిసారిగా సైకిలును కాక బావను చూశాడు.

"తెలుసు" అంది భార్య, హెల్మెట్లమీదినుంచి చూపు తిప్పకుండానే. "వాష్‌బేసిన్ గోడనుంచి ఊడి వస్తోంది. మొన్న ప్లంబరును పిలిచాను. ఇంట్లో ఎవరైనా దీనిమీద కూర్చుంటున్నారా అని అడిగాడు."

వీరుడి చెవులు ఎర్రసైకిలును మించి ఎర్రబడ్డాయి. "మరి ఇక్కడిదాకా ఎందుకు రానిచ్చావు?"

"ఆదివారం ఒక్కరోజే మీరు నడుం పట్టుకునైనా నవ్వుతూ ఇంటికొస్తారు. ఆ ఒక్కటీ ఆపేస్తే తొంభై నాలుగు నూరవుతుంది. మీ అంతట మీరు చెప్తారేమోనని చూశాను." హెల్మెట్ ఒకటి తీసి అతని తలకు పెట్టి, పట్టీ బిగించింది. కొంచెం ఎక్కువే బిగించింది. "ఇకనుంచి శనివారం మా షాపులో బరువుయంత్రం మీద చూద్దాం. అక్కడ పట్టుకోవడానికి ఏమీ ఉండదు."

యజమానురాలు చీరకొంగుతో కళ్ళజోడు తుడుచుకొని, తొంభై నాలుగుకు తగ్గట్టు గాలి కొట్టింది. అతడు కూర్చున్నాడు, దిగాడు. స్కేలు పెట్టింది. సరిగ్గా పదహారు. ఆమె ముఖం విప్పారింది. "వెనకాల పెరట్లో మూడు మెట్లున్నాయి. దిగి చూడండి."

అవి ఒక్కొక్కటి జానెడెత్తు. పైన ఒక నీళ్ళ డ్రమ్ము, కింద కంకర. నడుము ముందే బెదిరి బిగుసుకుంది. అతడు పిరుదులు వెనక్కి జరిపి, శ్వాస బిగబట్టి, బ్రేకులమీద రెండు వేళ్ళు ఉంచి, వదిలాడు. మొదటి మెట్టు వచ్చింది; వెన్నెముక దెబ్బకోసం ఎదురుచూసింది; దెబ్బ రాలేదు. రెండవ మెట్టు, మూడవ మెట్టు, కంకర. పళ్ళు ఒకదానినొకటి తాకనైనా లేదు. అతడు ఒక కాలు నేలపెట్టి ఆగి, వెనక్కి తిరిగి ఆ మూడు మెట్లను చూసి, పిల్లవాడిలా నవ్వాడు. భార్య డబ్బులు తీయడానికి సంచీ తెరిచింది.

బావమరిది దగ్గరికి వచ్చి బురదరంగు సీటును ఒకసారి నొక్కాడు. ఇంకోసారి నొక్కాడు. "బాగుంది బావా. నేనూ ఒక్కసారి దిగి చూడనా?"

యజమానురాలు పంపు పట్టుకొని వంగింది. "దానికేం. మీ బరువెంతండి?"

లిఫ్టులు బాగుచేసేవాడు అక్కను చూశాడు, బావను చూశాడు, ఆకాశాన్ని చూశాడు.

"ఇప్పుడెందుకులెండి" అన్నాడు. "ఎండెక్కుతోంది, పోదాం."

ఈ విధంగా ఆ దంతనిర్మాణధురంధరుడు, అరవై మంది పండితుల వీడియోలనూ, ఒక స్వర్ణరథాన్నీ, ఒక రక్తవర్ణమాయనూ గెలిచి, పట్టపగలు, ముగ్గురు సాక్షుల సమక్షంలో, ఎవరి చేయీ పట్టుకోకుండా మూడు మెట్లు దిగాడు.